మీకు తెలుసా? గ్రహణచంద్రుడును సూర్యుడును ఒక్కమారే

చంద్రగ్రహణవేళ సూర్యచంద్రులు భూమికి ఇరువైపుల సరిగా ఎదురెదురుగా నుండవలసినవారే యైనను, చంద్రుడు గ్రస్తుడై యుదయించు ప్రదేశమున, పడమట ఇంకను క్రుంకని సూర్యుని, తూర్పున గ్రహణము పట్టిన చంద్రుని కొన్ని నిమిషములపాటు ఒక్కమారే చూడవచ్చును.

అసంభవమని తోచు నీ దృశ్యమునకు కారణము మన వాయుమండలమే: దిగంతముచెంత అది కిరణములను వంచి, బింబములను సుమారు 34 కళలు, అనగా చంద్రబింబవ్యాసముకంటె రవంత హెచ్చుగా, పైకెత్తి చూపును, కావున దిగంతమును తాకుచున్నట్లు కన్పట్టు చంద్రుడు నిజమునకు దానికి దిగువనే యుండును. ఇరుదిక్కుల అడ్డులేని ఎత్తైన కొండ దీనికి అనువైన చోటు. అయినను సంధ్యాకాంతిలో గ్రస్తబింబము మిక్కిలి పాలిపోయి యుండును గనుక, చూడగోరువారికి ఓర్పు వలయును, ఆ ఓర్పునకు తగినదే యీ దృశ్యము. సూర్యచంద్రులిరువురును దిగంతముపై నుండగనే గ్రహణము కానవచ్చిన యుదంతమును రోమను పండితుడు ప్లినీ క్రీ.శ. 1వ శతాబ్దమునందే తన ప్రకృతిచరిత్రలో పేర్కొనెను.

2022 నవంబరు 8న, కార్తిక పౌర్ణమినాడు, సంపూర్ణగ్రహణదశ సాయంకాలము సుమారు 5 గంటల 12 నిమిషములకు ముగియుటచే, కలకత్తాలో చంద్రుడు సంపూర్ణగ్రస్తుడై యుదయింపగా, హైదరాబాదువారికి పాక్షికగ్రహణము మాత్రమే దక్కెను.