మా జొన్నచేలకు వచ్చే గులాబీ గోరింక

వలస అనే మాట మా పశ్చిమ ప్రకాశం వాళ్ళకు కొత్త గాదు. వానలు మొగం చాటేసిన ఏడు మార్కాపురం దగ్గరున్న మా తర్లుపాడు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూలిపనికి గుంటూరు దిక్కో, హైదరాబాదు దిక్కో పోయేవాళ్ళుంటారు. ఇక్కడ తిండి లేనప్పుడు పోతారు, ఉన్నప్పుడు వస్తారు. సరిగ్గా ఇదే సూత్రం మీద ఏటా మా చేలకు వచ్చిపోయే పిట్ట ఒకటుంది. జంతుశాస్త్ర విద్యార్థిగా, అంతకంటే ముందు జొన్నచేనుకు కాపలా కాసిన రైతుబిడ్డగా, దాన్ని గురించి నాలుగు మాటలు రాయాలని నా కోరిక.

దీని పేరు గులాబీ గోరింక. పాత పక్షిశాస్త్ర గ్రంథాలలో పలిస, పరికిపిట్ట అనే తెలుగు పేర్లు కూడా కనిపిస్తాయి. మా ఇంట్లో మాత్రం ‘గోరింకల దండు’ అంటేనే తెలుస్తుంది. ఎందుకంటే ఇది ఒంటరిగా రాదు. వందల్లో, ఒక్కోసారి వేలల్లో దిగుతుంది. మన ఇళ్ళ దగ్గర తిరిగే గోరింకకు ఇది చుట్టమే. జానెడు పొడవు, 60 నుంచి 90 గ్రాముల బరువు. తల, రెక్కలు, తోక నల్లగా నిగనిగలాడుతాయి. వీపు, పొట్ట గులాబీ రంగు. చలికాలంలో ఆ రంగు మాసినట్టుంటుంది. పిల్ల పక్షులైతే మట్టిరంగులో ఉంటాయి. శాస్త్రం దీన్ని గానపక్షుల వర్గంలో చేర్చింది గాని, దండు చెట్టు మీద వాలినప్పుడు వింటే కచేరీ గాదు, సంత గుర్తుకొస్తుంది!

ఈ పక్షులు జులై, ఆగస్టు నెలల్లోనే మన దేశంలోకి రావడం మొదలుపెడతాయి. క్రమంగా దక్కను పీఠభూమి అంతా పరుచుకుంటాయి. ఏప్రిల్ వచ్చేసరికి తిరుగుప్రయాణం. మే నెలలో దాదాపుగా ఒక్కటీ మిగలదు. అంటే ఏడాదిలో ఎక్కువ నెలలు మన దగ్గరే గడుపుతుందన్నమాట. విదేశీ పక్షి అంటాం గాని, పురిటికి మాత్రమే పుట్టింటికి పోయి వచ్చే ఆడబిడ్డ లాంటిది.

మరి ఆ పుట్టిల్లు ఎక్కడ? కజకస్థాన్, ఉజ్బెకిస్థాన్, చైనాలోని షిన్‌జియాంగ్ మొదలైన మధ్య ఆసియా గడ్డి మైదానాలలో. తర్లుపాడు నుంచి దక్షిణ కజకస్థాన్‌కు తిన్నగా గీత గీసినా సుమారు 3,000 కిలోమీటర్లుంటుంది. మే, జూన్ నెలల్లో అక్కడ మిడతలు విపరీతంగా పెరుగుతాయి. ఆ మిడతలతోనే ఇవి పిల్లలను సాకుతాయి. రాళ్ళ గుట్టల సందుల్లో వేల జంటలు పక్కపక్కనే గూళ్ళు పెడతాయి. ఒక ఏడు మిడతలు లేకపోతే ఆ చోటు వదిలి, ఉన్న చోటికి పోతాయి. షిన్‌జియాంగ్‌లో 1980ల నుంచి వీటి కోసం ప్రత్యేకంగా రాళ్ళు పేర్చి గూళ్ళు కట్టిస్తున్నారు. మిడతల మీద మందు చల్లడం కన్నా ఈ పిట్టలను పిలవడమే చౌక అని వాళ్ళ అనుభవం. ఒక్కో పక్షి రోజుకు వందకు పైగా మిడతలు తింటుందని అక్కడి లెక్క.

ఇంత దూరం దారి ఎట్లా తెలుస్తుంది? దీని దగ్గరి బంధువైన ఐరోపా గోరింక మీద జరిగిన రెండు ప్రయోగాలు ఇక్కడ చెప్పుకోవాలి. జర్మనీలో గుస్టావ్ క్రామర్ 1950 ప్రాంతంలో పంజరంలోని గోరింకలకు అద్దాలతో సూర్యకాంతి వచ్చే దిక్కు మార్చి చూపించాడు. అవి తిరిగే దిక్కు కూడా దానితోపాటే మారింది. సూర్యుడే వాటికి దిక్సూచి అని తేలింది. ఇక హాలండ్‌కు చెందిన పెర్డెక్ సుమారు 11,000 గోరింకలను వలసదారిలో పట్టి, కాళ్ళకు ఉంగరాలు తొడిగి, స్విట్జర్లాండ్‌లో వదిలించాడు. 1958లో ఫలితాలు ప్రకటించాడు. తొలిసారి వలస పోతున్న పిల్ల పక్షులు తమకు పుట్టుకతో వచ్చిన దిక్కునే పట్టుకుని స్పెయిన్ వైపు పోయాయి. పెద్దవి మాత్రం పొరపాటు దిద్దుకుని తమ పాత చోటి వైపు మళ్ళాయి. అంటే దిక్కు రక్తంలో ఉంటుంది, చోటు అనుభవంతో వస్తుంది.

ప్రయాణానికి ఇంధనం కొవ్వు. ఒక గ్రాము కొవ్వు నుంచి సుమారు 9 కిలోకేలరీల శక్తి వస్తుంది. పిండిపదార్థం నుంచి 4 మాత్రమే. కాబట్టి బయలుదేరే ముందు బాగా తిని కొవ్వు పెంచుకోవాలి.

ఇదంతా ఒకరోజు మా నాయనకు చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. విని, “యాడో దేశంలో మిడతలు తింటే మనకేమొచ్చిందిరా? ఖాళీ అయ్యేది మన కంకులు గదా!” అన్నాడు.

ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. మధ్య ఆసియాలో మిడత తగ్గితే లాభం అక్కడి రైతుకే. 2020లో రాజస్థాన్ మీద పడ్డ ఎడారి మిడత వేరే జాతి, వేరే దారి. కాబట్టి ఈ పిట్ట అక్కడ చేసే సేవను చూపించి ఇక్కడి రైతును ఒప్పించలేం. మన దగ్గర అది చేసేదేమిటో లెక్క తీయాలి.

కంకి పాలు పోసుకున్నది మొదలు కోత దాకా, కొన్ని వారాలు, నష్టం నిజమే. కాని గింజ లేని మిగతా నెలల్లో అది ఇక్కడ తినేది మిడతలు, పురుగులు, రావి, మర్రి పండ్లు. మోదుగ, బూరుగ పూసినప్పుడు తేనె తాగుతూ ఒక చెట్టు పుప్పొడి మరో చెట్టుకు మోస్తుంది. పండ్ల గింజలను దూరం చేరవేస్తుంది. ఇవేవీ రైతు లెక్కపుస్తకంలో కనబడవు. పోయిన కంకి మాత్రం కనబడుతుంది.

ఇంకో సంగతి. మా అబ్బ కాలంలో మా ఇంట్లో ఉన్నంత జొన్న ఇప్పుడు లేదు. ఆ చేలల్లో కంది, పత్తి, మిరప వచ్చాయి. ఊరంతా జొన్న వేసినప్పుడు దండు తినేది తలా గుప్పెడు పంచుకున్నట్టుండేది. ఇద్దరే వేస్తే మొత్తం వాళ్ళ మీదే పడుతుంది. పిట్ట ఆకలి పెరగలేదు, చేలు తగ్గాయి. అందుకే జొన్న వేసే నలుగురూ ఒకే పదునులో విత్తుకోవాలి, కాపలా వంతులవారీగా కాసుకోవాలి. మంచె ఎక్కి వడిసెల తిప్పండి, డబ్బా కొట్టండి, తప్పులేదు. విషం పెట్టిన గింజలు మాత్రం వద్దు. ఆ విషం గోరింకతో ఆగదు. కౌజుకూ, కోడికీ పోతుంది.

విద్యార్థి మిత్రులకు ఒక మనవి. గులాబీ గోరింక మీ ఊళ్ళో ఏటా తొలిసారి ఏ రోజున కనబడిందో, చివరిసారి ఏ రోజున కనబడిందో ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, రెండు కళ్ళు చాలు. పదేళ్ళ తేదీలు పోగైతే, వానలూ పంటలూ మారినకొద్దీ ఈ రాకపోకలు ఎట్లా మారుతున్నాయో చెప్పగలిగేది మనమే. మా నాయన ప్రశ్నకు పూర్తి జవాబు కూడా అట్లాంటి నోటుబుక్కుల్లోనే దొరుకుతుంది.

— బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి