మట్టి నేర్పిన మార్పిడి

పొలంలో వేసిన పశువుల ఎరువులోని అమ్మోనియా వానకు కొట్టుకుపోతుందా, మట్టిలో నిలుస్తుందా? 1840ల నడుమ ఇంగ్లండులోని యార్క్‌షైర్ భూస్వామి హెచ్. ఎస్. థామ్సన్‌కు ఈ సందేహం వచ్చింది. గొట్టంలో మట్టి నింపి, పైనుంచి అమ్మోనియం సల్ఫేట్ కలిపిన నీళ్లు పోయించాడు. కిందికి కారిన నీటిలో అమ్మోనియం జాడ దాదాపు లేదు. దాని బదులు జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్, కనిపించింది. రసాయన శాస్త్రవేత్త జె. టి. వే ఈ వింతను పట్టుకుని, 1850, 1852లలో వివరంగా రాశాడు. మట్టిలోని బంకరేణువులు తమ దగ్గరున్న కాల్షియం ఇచ్చేసి, అమ్మోనియం పుచ్చుకుంటున్నాయి. దీన్నే ఇవాళ అయాన్ మార్పిడి, అంటే విద్యుదావేశమున్న కణాల మార్పిడి, అంటున్నాం. అణు ప్రమాదాల తర్వాత కలుషితమైన నీటిని శుభ్రం చేసే యంత్రాలకు మూలం ఈ మట్టి గొట్టమే.

ఆ గుణాన్ని మొదట పరిశ్రమలోకి తెచ్చింది జర్మనీకి చెందిన రాబర్ట్ గాన్స్. 1905 ప్రాంతంలో కృత్రిమ జియోలైట్ తయారుచేసి కఠిన జలాన్ని మెత్తబరిచాడు. జియోలైట్ అంటే సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ అల్లుకున్న ఖనిజం. లోపలంతా సన్నని సొరంగాలు. ఆ అల్లికకు రుణావేశం ఉంటుంది కాబట్టి ధనావేశపు సోడియం అయాన్లు దాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. కఠిన జలం పారినప్పుడు రెండు ధనావేశాలున్న కాల్షియం వచ్చి ఆ చోటు ఆక్రమిస్తుంది, సోడియం నీటిలోకి దిగుతుంది. జియోలైట్ నిండిపోయాక చిక్కటి ఉప్పునీళ్లు పోస్తే మళ్లీ పనికొస్తుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్ల కోసం పెట్టిన సాఫ్ట్‌నర్‌లో బస్తాల కొద్దీ ఉప్పు పోయడానికి కారణం ఇదే. ఇప్పుడు అందులో ఉండేవి జియోలైట్ కాదు, రెసిన్ గుళికలు. 1935లో ఇంగ్లండులో ఆడమ్స్, హోమ్స్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు చేసిన కృత్రిమ రెసిన్లకు ఇవి వారసులు. పదేళ్లు తిరిగేసరికి ఈ విద్య అణుశాస్త్రం చేతికి వెళ్లింది. ఒకదాన్ని పోలి మరొకటి ఉండే మూలకాలను రెసిన్ నింపిన స్తంభాల్లో విడదీసే, 1945లో అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో ప్రొమీథియం ఉనికిని నిర్ధారించారు.

రేడియోధార్మిక నీటికి ఇంత శ్రమ ఎందుకు? కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి, క్లోరిన్ వేసినా చస్తాయి. అణు ప్రమాదంలో వెలువడే సీజియం పరమాణువు అలా చావదు. కాచినకొద్దీ నీరు ఆవిరై, మిగిలిన నీటిలో దాని సాంద్రత పెరుగుతుంది. మనకున్న దారులు రెండే: అది తనంతట తాను క్షీణించేదాకా ఆగడం, లేదా నీటి నుంచి వేరుచేయడం. అయోడిన్-131 ఎనిమిది రోజులకు సగమవుతుంది. సీజియం-137 సగం కావడానికి 30 ఏళ్లు, స్ట్రాన్షియం-90కి 29 ఏళ్లు పడుతుంది. అయోడిన్ థైరాయిడ్ గ్రంథికి చేరుతుంది. స్ట్రాన్షియం కాల్షియంలా నటించి ఎముకల్లో కూర్చుంటుంది. సీజియం పొటాషియంలా కండరాల్లోకి పోతుంది.

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ రియాక్టర్ పేలినప్పుడు, దాని పక్కన పారే ప్రిప్యాట్ నది నీరు ద్నీపర్ మీదుగా కీవ్ నగరం వైపే వెళుతోంది. అధికారులు ముందుగా నీటి వనరునే మార్చారు. దెస్నా నది నీటిని ఎక్కువగా వాడుకునేలా హడావిడిగా పైపులు వేశారు. చిన్న వాగులకు అడ్డంగా జియోలైట్ కట్టలు కూడా కట్టారు. వాటికి చిక్కింది చాలా స్వల్పం. మార్పిడి జరగాలంటే ప్రతి నీటిబొట్టూ గుళికలను తాకుతూ నిదానంగా దిగాలి. పారే వాగు అలా ఆగదు.

2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రంలో ప్రమాదం జరిగింది. అదే నెల 23న టోక్యోలోని కనమాచి శుద్ధి కేంద్రం నీటిలో కిలోకు 210 బెక్వెరెల్‌ల (రేడియోధార్మికతకు కొలమానం) అయోడిన్-131 ఉన్నట్టు ప్రకటించారు. పసిపిల్లలకు అప్పటి పరిమితి 100. వారి కోసం సీసాల్లో నీళ్లు పంచారు. మర్నాటికి మోతాదు పరిమితి లోపలికి వచ్చింది. సీజియం బురద రేణువులకు అంటుకుంటుంది కాబట్టి, పటికలాంటి పదార్థాలతో బురదను పేరబెట్టి ఇసుకలో వడకడితే చాలావరకు పోతుంది. కరిగి ఉండే అయోడిన్ అలా తేలిగ్గా చిక్కదు. అందుకే బొగ్గుపొడి వాడారు.

ఇక ప్రమాదం జరిగిన చోటనే నిలిచిపోయిన నీరు. అమెరికాలో 1979 మార్చి 28న త్రీ మైల్ ఐలాండ్ రియాక్టర్ దెబ్బతిన్నాక, దాని భవనం అడుగున సుమారు 24 లక్షల లీటర్ల కలుషిత జలం చేరింది. 1981లో జియోలైట్ నింపిన ఉక్కు పాత్రలను అక్కడి ఇంధన కొలనులో ముంచి, వాటిలోంచి ఆ నీటిని పారించారు. పాత్రల్లో పోగయ్యే వికిరణాన్ని కొలనులోని నీళ్లే అడ్డుకునేవి. సీజియం అయాన్ తన చుట్టూ నీటి అణువులను పెద్దగా చేర్చుకోదు కనుక జియోలైట్ సొరంగాల్లో చక్కగా ఇముడుతుంది. ఆ తర్వాత ఫుకుషిమాలో పరీక్ష మరింత కఠినమైంది. చల్లబరచడానికి సముద్రపు నీళ్లు కొట్టడంతో, అందులోని సోడియం చోటు కోసం సీజియంతో పోటీపడింది. అక్కడ 2011లోనే సీజియాన్ని పట్టే స్తంభాలు పనిలోకి దిగాయి. 62 రకాల రేడియోధార్మిక పరమాణువులను తగ్గించేలా రూపొందించిన మరో వ్యవస్థను 2013లో మొదలుపెట్టారు.

ట్రిటియం మాత్రం ఈ యంత్రానికి లొంగదు. అది నీటి అణువులోనే హైడ్రోజన్ స్థానంలో ఉంటుంది. ఈ గుళికలు నీటిలోంచి నీటిని వేరుచేయలేవు. త్రీ మైల్ ఐలాండ్‌లో శుద్ధిచేసిన నీటిని చివరకు ఆవిరి చేశారు. ఫుకుషిమాలో లీటరుకు 1,500 బెక్వెరెల్‌ల లోపు ఉండేలా పలుచన చేసి, 2023 ఆగస్టు నుంచి సముద్రంలోకి వదులుతున్నారు. తాగునీటిలో ట్రిటియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన స్థాయి లీటరుకు 10,000 బెక్వెరెల్‌లు. సీజియం-137కు అది 10 మాత్రమే.

ఈ యంత్రం ఏ రేడియోధార్మికతనూ నాశనం చేయదు. నీటిలో ఉన్నదాన్ని గుళికలోకి మారుస్తుంది, అంతే. సాఫ్ట్‌నర్‌లా ఉప్పునీళ్లతో కడిగితే సీజియం తిరిగి నీటిలోకే వస్తుంది. అందుకే నిండిన పాత్రలను అలాగే భద్రపరచాలి. త్రీ మైల్ ఐలాండ్ జియోలైట్‌లో కొంత వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్‌కు తీసుకెళ్లి, కరిగించి గాజుగా మార్చారు.

అణు ప్రమాదం లేకపోయినా ఈ సంగతి మనకు పట్టేదే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొన్ని చోట్ల బోరు నీటిలో సహజ యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాముల సూచిత స్థాయిని దాటింది. భూగర్భజలంలో అది తరచూ కార్బొనేట్‌తో కలిసి రుణావేశంతో ఉంటుంది. కాబట్టి కాల్షియాన్ని పట్టే సాఫ్ట్‌నర్ దాన్ని పట్టదు, రుణ అయాన్లను పట్టే వేరే రెసిన్ కావాలి. ఆర్‌ఓ యంత్రం దాన్ని బాగానే ఆపుతుంది, కాని బయటికి వదిలే నీళ్లలో అదే యురేనియం మరింత చిక్కగా ఉంటుంది. ఆ నీళ్లు మళ్లీ నేలలోకే ఇంకితే మనం సాధించింది ఏమీ లేదు. అందుకే ఊరికి శుద్ధి యంత్రం పెట్టేవారు గ్లాసులోకి వచ్చే నీటి పరీక్ష ఫలితంతో పాటు, యంత్రంలో చిక్కిన పదార్థాన్ని ఎక్కడ, ఎవరు, ఎన్నేళ్లు కాపాడతారో కూడా రాసివ్వాలి. ఆ రెండో కాగితం ఇవ్వని పథకాన్ని ఊరు ఒప్పుకోకూడదు.