పాత డబ్బా బాగుచేయాలా, కొత్తది కట్టాలా?

ధారావిలో మా అక్క కొడుకు గేములాడే కొత్త కంప్యూటర్ కావాలని పట్టుబట్టిండు. అక్క దగ్గరున్న చిట్టీ పైసలేమో కాలేజీ ఫీజువి. మాహిమ్‌లో లోకల్ ఎక్కి, గ్రాంట్ రోడ్డులో దిగి, లామింగ్టన్ రోడ్డు దుకాణాలన్నీ తిరిగినం.

నా మాట: ముందు హార్డ్ డిస్కు తీసి సాటా ఎస్‌ఎస్‌డీ వేయించాలె. డబ్బా గబుక్కున లేస్తది, చదువుకు సరిపోతది. రేపు కొత్తది కట్టినా అదే ఎస్‌ఎస్‌డీ అందులో పనికొస్తది. ర్యామ్ మీద మాత్రం ఎక్కువ పోయొద్దు. పాత డీడీఆర్3 కొత్త బోర్డుకు పట్టదు. పెద్ద గ్రాఫిక్స్ కార్డంటారా, ఆఫీసుల నుంచి వచ్చే సన్న డబ్బాలో అది దూరదు, దూరినా పవర్ సప్లై మోయదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14న ఆగింది. లినక్స్ అయితే ఉచితం.

దీపావళి బోనస్ దాకా ఆగుతనన్నడు అల్లుడు, మూతి ముడుచుకునే.