వంకర వరుస ఫొటోల సీదాగ కనవడ్తది

ఫోన్ల పనోరమా మోడ్ పెట్టి చెరువు కట్ట మీద ఫొటో తీసుడు మనకు అలవాటే. గీ పని ఫోన్ల కంటె శానా ముందే మొదలైంది. అమెరికాల 1904ల సర్కట్ అనే కెమెరాకు పేటెంట్ వచ్చింది. స్ప్రింగు, పండ్ల చక్రాలతోని గది స్టాండు మీద మెల్లగ తిరుగుతది. లోపల ఫిలిం గూడ అదే లెక్కన జరుగుతుంటది. సన్నని చీలికల నుంచి వెలుతురు పడి, బొమ్మ బెత్తెడు బెత్తెడు ఎక్కుతది.

దీంట్ల ఒక తిరకాసు ఉన్నది. కెమెరా ముంగట సీదాగ ఉన్న బాట ఫొటోల వంగినట్టు కనవడ్తది. అందుకే సిపాయిల దళాన్ని తీసేటప్పుడు, అందరిని కెమెరా చుట్టూ విల్లు తీర్గ వంచి నిలవెట్టేది. అప్పుడు అందరు కెమెరాకు ఒక్కతీరు దూరంల ఉంటరు, వరుస గీత గీసినట్టు వస్తది. ఒకడు ఈ కొసకు నిలబడి, కెమెరా తిరిగినంక ఎనుక నుంచి ఆ కొసకు ఉరికితే, ఒకటే ఫొటోల రెండు సార్లు పడ్తడు!

గీ ముచ్చట ఎందుకంటె, నాకు గుర్రపు దళం సినిమాలంటె పానం. జాన్ ఫోర్డ్ మూడు తీసిండు: ‘ఫోర్ట్ అపాచీ’ (1948), ‘షి వోర్ ఎ యెల్లో రిబ్బన్’ (1949), ‘రియో గ్రాండె’ (1950). చూస్తె మైదానం ఆకాశమంత పెద్దగ అనిపిస్తది గని, తెర వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లే. సినిమాస్కోప్ వచ్చింది 1953ల. పెద్ద ఆకాశం, కింద చిన్నగ గుర్రాలు, గట్ల పెట్టి ఫోర్డ్ మన కన్ను నమ్మేటట్టు జేసిండు.

‘ఫోర్ట్ అపాచీ’ల కెప్టెన్ యార్క్, అపాచీ నాయకుడు కోచీస్‌కు మాటిస్తడు. పై ఆఫీసరు థర్స్‌డే ఆ మాట తప్పి, పేరు కోసం దళాన్ని చావుకు తోల్కపోతడు. ఆఖరుకు పత్రికలోళ్లు వచ్చి థర్స్‌డేను వీరుడంటె, యార్కే అవునంటడు. వంకర వరుసను సీదా జేసుడంటె ఇదే గదా!

తెర బయట గూడ ఇట్లనే ఉన్నది. వీటిల మొదటి రెండు సినిమాలల్ల కనవడే మాన్యుమెంట్ వ్యాలీ నవాజో ప్రజల భూమి. అపాచీలుగ గుర్రాలెక్కినోళ్లు నవాజోలు. కోచీస్ వేషమేసింది మెక్సికో నటుడు. సొంత జాగల నిలబడి వేరేటోళ్ల వేషం కట్టుడు వాళ్ల వంతైంది.

సినిమాలు చూడొద్దని నేనంటలేను, నేను మళ్లమళ్ల చూస్త. గని ఎంత వెడల్పు బొమ్మైనా, ఎవ్వలను యాడ నిలవెట్టిన్రు, కెమెరా ఎవ్వల దిక్కు ఉన్నదని అడుగుండ్రి. రోజూ ఫోన్ల మనకొచ్చే వీడియోలను గూడ గట్లనే అడుగుండ్రి.