ఎలుగు మన పెరటి దాకా ఎందుకు వస్తోంది?



వేసవి వచ్చిందంటే ఉద్దానం ఊళ్ళలో తీరిక ఉండదు. జీడిపిక్కలు ఏరాలి, పనసకాయలు దింపాలి, పెళ్ళిళ్ళకు వెళ్ళాలి. కవిటి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల వారికి ఈ కాలంలో మరొక భయం కూడా ఉంటుంది. పొద్దు గూకిన తరువాత ఎలుగులు తిరుగుతాయి.

ఎలుగు సంగతి ఆసుపత్రి పత్రికలో ఎందుకని మీరు అడగవచ్చు. ఎలుగు ఎక్కువగా మనిషి తలను, ముఖాన్ని, చేతులను గాయపరుస్తుంది. కుట్లు వేసి ప్రాణం నిలిపినా, పోయిన కంటిచూపును ఏ డాక్టరూ తిరిగి ఇవ్వలేరు. మలేరియా రాకుండా దోమతెర కట్టుకున్నట్లే, ఎలుగు ఇంటికి రాకుండా మనం చేయగలిగిన పని ఒకటి ఉంది. అది మన చెత్తను మనం సర్దుకోవడం.

ఎలుగు దేనికోసం వస్తుంది?

ఎలుగు మనిషిని తినడానికి రాదు. చెదపురుగులు, చీమలు, తేనె, పండ్లు దాని ఆహారం. దానికి చూపు అంత చురుకైనది కాదు గాని, ముక్కు మాత్రం చాలా చురుకు. మట్టి లోపల ఉన్న చెదలను కూడా వాసనతోనే కనిపెట్టి, పొడవాటి గోళ్ళతో తవ్వి తింటుంది. అటువంటి జంతువుకు మన పెరట్లో కుళ్ళిన పనస తొక్క, జీడిపండ్ల కుప్ప, చేపల పొలుసు, మిగిలిన అన్నం, నూనె డబ్బా ఎంత దూరం నుండి పిలుపునిస్తాయో ఆలోచించండి.

రాజస్థాన్‌లోని మౌంట్ అబూలో ఉన్నవి కూడా మన ఎలుగుల జాతివే. అక్కడ అవి రాత్రివేళ చెత్తకుండీల దగ్గరకు వచ్చి తినడం అలవాటు చేసుకున్నాయి. ఒకసారి సులువుగా తిండి దొరికిన చోటును ఎలుగు మరచిపోదు. తల్లి వెంట పిల్లలు వస్తే అవి కూడా అదే దారి నేర్చుకుంటాయి. అందువలన ఎలుగు వచ్చాక తరమడం కంటే, మొదటి రాత్రి దానికి ఏమీ దొరకకుండా చేయడమే తేలిక.

ఇది జరిగే పనేనా అని అనుమానించేవారు అమెరికాలోని యోసెమిటీ పార్కు సంగతి వినాలి. అక్కడ ఉండేవి నల్ల ఎలుగులు. 1998లో అవి తిండి కోసం కార్లు పగులగొట్టడం వంటి ఘటనలు ఒక్క సంవత్సరంలోనే 1,500కు పైగా జరిగాయి. ఆ తరువాత తిండి దాచుకోవడానికి ఇనుప పెట్టెలు, ఎలుగు తెరవలేని చెత్తకుండీలు విస్తారంగా పెట్టి, వచ్చినవారందరికీ నియమాలు నేర్పారు. ఘటనలు బాగా తగ్గిపోయాయి. మనుషులు అలవాటు మార్చుకుంటే ఎలుగు కూడా తన దారి మార్చుకుంటుంది.

ఇంటి దగ్గర చేయవలసినవి

1. తడి చెత్తను రాత్రి బయట ఉంచవద్దు. గట్టి మూత గల డబ్బాలో వేసి, ఇంటి లోపల గాని, తలుపు ఉన్న గదిలో గాని పెట్టండి. చెత్త బండి వచ్చే ఉదయమే బయటకు తీయండి. పాలిథీన్ సంచి మూతి కట్టినంత మాత్రాన వాసన ఆగదు.

2. పనస తొక్కలను, జీడిపండ్లను ఏ రోజుకారోజు పశువులకు వేయండి. మిగిలినవి ఇంటికి దూరంగా, కనీసం రెండడుగుల లోతు గోతిలో వేసి, మట్టి కప్పి పైన బరువైన రాళ్ళు పెట్టండి. పైపైన కప్పితే ఎలుగు తవ్వేస్తుంది.

3. పండిన పనసకాయలను అరుగు మీద, వసారాలో ఉంచవద్దు.

4. కుడితి తొట్టిని పొద్దు గూకక ముందే ఖాళీ చేసి కడగండి. కుక్కలకు, కోళ్ళకు వేసిన తిండి మిగిలితే తీసివేయండి.

5. నూనె, బెల్లం, ఎండుచేపలు తలుపు వేసిన గదిలో ఉంచండి. ఖాళీ నూనె డబ్బాలను కడిగిన తరువాతే బయట పెట్టండి.

6. పెరటి చుట్టూ కరెంటు తీగ, ఉచ్చులు పెట్టవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఎలుగును చంపడం నేరం. పైగా ఆ తీగ తగిలి మన బిడ్డ ప్రాణమే పోవచ్చు.

విందుల తరువాత

పెళ్ళి విందు, ప్రేమవిందు, రాత్రి కూటాల భోజనం ముగిశాక విస్తరాకులు, మిగిలిన అన్నం, కూరలు మందిరం వెనుక కుప్పగా పోసి వెళ్ళిపోవడం చాలాచోట్ల ఉంది. తెల్లవారుజామున అటు మొదట వెళ్ళేది ఊడ్చే తల్లి, లేకపోతే ఆడుకునే పిల్లలు. వంటవారికి డబ్బు ఇచ్చేటప్పుడే ఎంగిలాకులు పూడ్చే పనికి కూడా ఇద్దరిని నియమించండి. గొయ్యి విందుకు ముందే తవ్వి ఉంచితే, అలసిపోయిన తరువాత రేపు చూద్దామనే మాట రాదు.

ఎలుగు కనబడితే

చీకట్లో, తెల్లవారుజామున బయటకు వెళ్ళవలసి వస్తే ఒంటరిగా వెళ్ళకండి. టార్చిలైటు వేసుకుని, గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి. ఎలుగు ఉలిక్కిపడినప్పుడే ఎక్కువగా మీద పడుతుంది. దూరంలో కనబడితే పరుగెత్తకుండా మెల్లగా వెనక్కు తగ్గండి. పిల్లలున్న ఎలుగు దగ్గరకు అసలే పోవద్దు. ఊరంతా చుట్టుముట్టి రాళ్ళు వేస్తే దానికి పారిపోయే దారి ఉండదు. అటవీశాఖ వారికి కబురు చేసి, దారి వదలండి. ఒకవేళ మీద పడితే బోర్లా పడుకుని, రెండు చేతులతో మెడను, తల వెనుక భాగాన్ని కప్పుకోండి.

గాయమైతే

వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. కంటికి దెబ్బ తగిలితే మాత్రం కంటిని నొక్కవద్దు. వేలాడుతున్న చర్మాన్ని కోసివేయకండి, దాని చోట దానిని సర్ది శుభ్రమైన తడి గుడ్డ కప్పండి. రక్తం ఎక్కువగా పోని చిన్న గాయాలను సబ్బుతో, ధారగా పోసే నీటితో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కాఫీపొడి, ఆకుపసరు పూయవద్దు.

గాయం చిన్నదైనా ఆసుపత్రికి రావాలి. కుక్కకాటుకు లాగానే ఎలుగు కరిచినా రేబిస్ భయం ఉంది. రేబిస్ టీకా, ధనుర్వాతం ఇంజెక్షన్ అవసరమవుతాయి. నొప్పి తగ్గిందని మానకుండా డాక్టరు చెప్పిన తేదీలన్నిటికీ రండి.

2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడిలో ఒక రైతు మరణించాడు, మరికొందరు గాయపడ్డారు. పట్టుకున్న ఆ ఎలుగు కూడా విశాఖపట్నం జూకు తీసుకువెళ్ళే దారిలో చనిపోయింది. తోటల్లో ఎలుగు ఎదురుపడటం పూర్తిగా మన చేతుల్లో లేదు. దానిని గుమ్మం దాకా రప్పించకుండా ఉండటం మన చేతుల్లో ఉంది. అయితే మీ పెరడు శుభ్రంగా ఉండి, పక్క పెరట్లో పనస తొక్కలు కుళ్ళుతుంటే ఎలుగు మీ వాకిలి మీదుగానే నడుస్తుంది. కాబట్టి ఈ వారమే మీ వీధివారితో మాట్లాడండి. చదవడం రాని పెద్దలకు ఈ పేజీ చదివి వినిపించి, తరువాత వంటింటి గోడకు అతికించుకోండి.