అండమాన్ భాషలు: అపోహలు – వాస్తవాలు

కోల్‌కతాలోని ఖిదిర్‌పూర్ రేవు నుంచి అండమాన్‌కు ఓడలు నడుస్తుంటాయి. ఆ దీవుల గురించి వింత కబుర్లకైతే ఓడ కూడా అక్కర్లేదు.

అపోహ: అక్కడి ఆదివాసులది ఆఫ్రికా భాష.

వాస్తవం: ఒంటి రంగునూ ఉంగరాల జుట్టునూ చూసి అనే మాట ఇది. వాళ్ళ పూర్వీకులు వేలాది ఏళ్ళుగా విడిగా ఉండిపోయారని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2005లో జన్యుపరంగా చూపించారు. వాళ్ళ భాషలకు ఆఫ్రికా భాషలతో చుట్టరికం ఉందని ఎవరూ రుజువు చేయలేదు.

అపోహ: అందరూ మాట్లాడేది జరవా భాషే.

వాస్తవం: జరవా, ఓంగే ఒక కుటుంబం. గ్రేట్ అండమానీస్ వేరే కుటుంబం, అందులోనే ఒకప్పుడు పది భాషలుండేవి.

అపోహ: వేటాడి బతికేవాళ్ళ భాష కదా, నాలుగు మాటలూ సైగలూ ఉంటే చాలు.

వాస్తవం: గ్రేట్ అండమానీస్‌లో ‘తల’, ‘చెయ్యి’ అని ఊరికే అనడం కుదరదు. ఎవరిదో చెప్పి తీరాలి. పైగా శరీరాన్ని ఏడు భాగాలుగా విడదీసి, ఒక్కోదానికి ఒక్కో ఉపసర్గ పెడతారు. నోటికి సంబంధించినవాటికి ఒకటి, వేళ్ళలాంటి కొసలకు ఇంకొకటి. ఈ ఉపసర్గలే క్రియలకూ విశేషణాలకూ ముందు చేరతాయి. భాషావేత్త అన్వితా అబ్బి ఈ వ్యాకరణాన్ని వివరంగా రాశారు. విభక్తులకు అలవాటుపడ్డ మన బుర్రకు ఇది ఒకపట్టాన ఎక్కదు.

అపోహ: నాగరికత రుచి మరిగి సొంత భాషను వదిలేశారు.

వాస్తవం: కెన్యాలోని ముకొగొడో అడవిలో వేటాడుతూ, తేనె తీస్తూ బతికిన యాకు జనం విషయంలో భాష మారిన మాట నిజమే. పశువులు వచ్చాయి, మసాయిలతో పెళ్ళిసంబంధాలు కలిశాయి, ఇళ్ళలో మసాయి భాష స్థిరపడింది. అండమాన్‌లో అలా జరగలేదు. 1858లో బ్రిటిష్‌వాళ్ళు ఖైదీల స్థావరం పెట్టాక సిఫిలిస్ పాకింది. 1877లో తట్టు ఊడ్చిపెట్టింది. వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు 1901కి 625 మంది, 1961కి 19 మంది మిగిలారు. మాట్లాడే మనుషులే పోయారు. మిగిలిన కొద్దిమందిని 1970 ప్రాంతంలో స్ట్రెయిట్ ద్వీపానికి చేర్చారు. పిల్లలకు హిందీ అలవాటైంది.

అపోహ: 2010లో బోవా సీనియర్ మరణంతో ఆ భాషలన్నీ అంతరించాయి.

వాస్తవం: ఆ జనవరి 26న ఆమెతో పోయింది ‘బో’ భాష ఒక్కటే. 2020లో ‘సారె’ మాట్లాడే ఆఖరి వ్యక్తి లిచో మరణంతో ఆ భాషా పోయింది. అప్పటికి ‘జెరో’ తెలిసినవాళ్ళు కొద్దిమంది ఉన్నారు. ‘ఆఖరి మనిషి పోయింది’ అని శీర్షిక పెట్టే పాత్రికేయులు ఏ భాషకు ఆఖరో కూడా రాయాలి.