క్యాండిడ్ ఫోటోగ్రఫీ

క్యాండిడ్ ఫోటోగ్రఫీ అనగా ఒక వ్యక్తి కెమెరా కోసం భంగిమ పెట్టకుండా, తన పనిలోనో ఆలోచనలోనో లీనమై ఉన్నపుడు కలిగే సహజ భావాలను చిత్రించే పద్ధతి. దీనికి రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది వ్యక్తికి తెలియకుండా తీయడం. రెండవది, తెలిసినప్పటికీ అతడు కెమెరాను మరచిపోయేలా చేయడం.

చరిత్ర

1839లో డాగెరోటైపు పద్ధతి వెలువడిన తొలి రోజులలో ఒక చిత్రానికి నిమిషాల కొద్దీ సమయం పట్టేది. తల కదలకుండా వెనుక ఇనుప ఊతం అమర్చేవారు. అంతసేపు నవ్వును నిలపడం కష్టం. 1920లలో చిన్న కెమెరాలు, ఎక్కువ కాంతిని గ్రహించే కటకాలు రావడంతో సహజ చిత్రాలు తీయడం సులభమైంది. జర్మనీకి చెందిన ఎరిక్ సాలమన్ ఎర్మనాక్స్ కెమెరాతో 1928 నుండి న్యాయస్థానాలలో, అంతర్జాతీయ సమావేశాలలో ఇటువంటి చిత్రాలు తీశాడు. యూదుడైన ఇతడు 1944లో ఆష్విట్జ్ శిబిరంలో మరణించాడు.

అమెరికా ఛాయాగ్రాహకుడు వాకర్ ఇవాన్స్ 1938 - 1941 మధ్య న్యూయార్కు భూగర్భ రైళ్ళలో, కోటులో దాచిన కెమెరాతో ఎదుటి ప్రయాణికులను చిత్రించాడు. ఇవి 1966లో పుస్తకంగా వెలువడ్డాయి. ఫిలిప్ హాల్స్‌మన్ రెండవ మార్గాన్ని అనుసరించి, ప్రముఖులను పైకి ఎగరమని కోరేవాడు. ధ్యాస ఎగరడంపైకి మళ్ళగానే ముఖానికి తొడిగిన ముసుగు జారిపోతుందని అతని అభిప్రాయం. ఆ చిత్రాల పుస్తకం 1959లో వచ్చింది.

సహజమైన నవ్వు

ఫ్రెంచి వైద్యుడు డుషేన్ 1862లో ఛాయాచిత్రాల సహాయంతో ముఖ కండరాలను వివరించాడు. అతని ప్రకారం, తెచ్చిపెట్టుకున్న నవ్వులో పెదవులు మాత్రమే కదులుతాయి. నిజమైన సంతోషంలో కంటి చుట్టూ ఉన్న కండరం కూడా ముడుచుకుంటుంది. అందువలన ఈ పద్ధతిలో కళ్ళపై ఫోకస్ నిలపడం ముఖ్యం.

పద్ధతులు

* వ్యక్తికి అలవాటైన చోటులో, అలవాటైన పని చేస్తుండగా తీయడం.
* ఫ్లాష్ బదులు కిటికీ వెలుతురు వంటి సహజ కాంతిని వాడడం.
* 85 నుండి 135 మి.మీ. కటకంతో కొంత దూరంలో ఉండడం.
* సంభాషిస్తూ, తొందరపడక వేచి ఉండడం.

అనుమతి

తెలియకుండా తీసిన చిత్రంలో సహజత్వం ఉన్నా, అందులోని వ్యక్తి సమ్మతి ఉండదు. ఫిలిప్-లోర్కా డికోర్సియా న్యూయార్కు వీధిలో తీసిన 'హెడ్స్' చిత్రాలలో ఒకదానిపై అందులోని వ్యక్తి దావా వేయగా, ఆ చిత్రం కళ అని భావించిన న్యాయస్థానం 2006లో దావాను కొట్టివేసింది. అయితే చట్టం అనుమతించినంత మాత్రాన ఎదుటివారి మనసు నొచ్చుకోదని చెప్పలేము. రెండవ మార్గంలో ఓపిక ఎక్కువ కావాలి, కాని సహజత్వం, సమ్మతి రెండూ లభిస్తాయి.